కిటికీలోంచి కనబడని ముఖం

"ఇంకొక్కసారి చెప్పండి మాస్టారూ. మొదటినుంచీ."

డిటెక్టివ్ ఆరోగ్యస్వామి ఆ మాట అనగానే సర్కిల్ ఇన్‌స్పెక్టర్ పుల్లయ్య కుర్చీలో చిరాగ్గా కదిలాడు. సుందరరావు మాత్రం విసుక్కోలేదు. నరసరావుపేటలో బి.ఏ. తప్పినవాళ్ళనూ, తప్పబోయేవాళ్ళనూ గట్టెక్కించే ట్యుటోరియల్ ఆయనది. ఏళ్ళ తరబడి ఇంగ్లీషు పాఠాలు చెప్పి చెప్పి పదునెక్కిన గొంతు. చెప్పమంటే చాలు, ఆ గొంతుకు ఊపు వస్తుంది.

"మంగళవారం మధ్యాహ్నం, మూడు దాటింది. ఆ రోజు పొద్దుటినుంచీ నాకెందుకో మనసు బాగోలేదు. వరండాలో నడుస్తూ కిటికీలోంచి స్టాఫ్ రూములోకి చూశాను. గ్రేసమ్మగారు కుర్చీలో కూర్చున్నారు. ఒళ్ళో పుస్తకం. చదువుతున్న పేజీలో చూపుడువేలు పెట్టి మూశారు. ఎదురుగా ఆ నాగూర్ వలి, ఫ్యాను బాగు చెయ్యటానికి వచ్చినవాడు. ఆవిడ కళ్ళజోడు తీసి, కంటి కొసను కొంగుతో అద్దుకున్నారు. 'ఇది నీ చేతి పని కాదు. ఎవరి చెయ్యో నేను పోల్చుకోగలను' అన్నారు. మెల్లగానే అన్నారు గానీ పెదవి వణికింది. 'ఎవరికీ చెప్పొద్దు, మీ కాళ్ళు పట్టుకుంటా' అని వాడు బతిమాలాడు. ఆవిడ తల అడ్డంగా ఊపి లేచారు. వాడూ లేచాడు. ఆవిడ తలుపువైపు అడుగు వేశారో లేదో, చేతిలో ఉన్న స్పానరు ఎత్తి తల వెనక కొట్టాడు. నేను కేకపెట్టి లోపలికి పరుగెత్తేసరికి వెనక తలుపులోంచి మాయమైపోయాడు."

మూలన నిలబడ్డ కానిస్టేబులు కూడా నోరు తెరుచుకుని వింటున్నాడు.

"విన్నావుగా?" అన్నాడు పుల్లయ్య. "చదువుకున్న సాక్షి. చర్చిలో పెద్ద. ఇంతకంటే ఏం కావాలయ్యా నీకు? సాయంత్రం వాణ్ణి మేజిస్ట్రేటు ముందు పెడతన్నా. ఈలోగా నీ సరదా తీర్చుకో."

ఆరోగ్యస్వామి సరదాకు రాలేదు. నాగూర్ వలి తల్లి హజ్రా బీ నిన్న బస్సెక్కి గుంటూరు వచ్చి ఆయన ఆఫీసు మెట్లమీద కూర్చుంది. "మావాడు కోపిష్టే బాబూ, కాదన్ను. ఆ అమ్మగారి మీద మాత్రం చెయ్యెత్తడు. చిన్నప్పుడు వాడికి అక్షరాలు దిద్దించింది ఆమే" అంది. అమ్మగారంటే ఎవరని అడిగాడాయన. పేరు వినగానే కుర్చీలోంచి లేచాడు.

గ్రేసమ్మ మేడమ్ ఆయనకూ చదువు చెప్పింది. బి.ఏ.లో మూడేళ్ళూ ఆమె క్లాసులోనే కూర్చున్నాడు. రిటైరయ్యాక ఆమె నరసరావుపేటలో స్థిరపడి, సుందరరావు ట్యుటోరియల్‌లో పిల్లలకు ఇంగ్లీషు సాహిత్యం చెబుతోందని వినటమే తప్ప ఎన్నడూ చూడటానికి రాలేదు. ఇప్పుడు గుంటూరు పెద్దాసుపత్రిలో తలకు కట్టుతో, తెలివి లేకుండా పడి ఉంది. బతుకుతుందో లేదో చెప్పలేమన్నారు. ఆ మంచం దగ్గర నిన్న సాయంత్రం ఎంతోసేపు నిలబడి వచ్చాడు. 'మేడమ్' అని పిలిచాడు. కనురెప్ప కూడా కదల్లేదు.

"నాగూర్ వలితో మాట్లాడాలి" అన్నాడు ఆరోగ్యస్వామి.

"మాట్లాడుకో. తాళం మాత్రం తియ్యను."

లాకప్‌లో నాగూర్ వలి గోడకు ఆనుకుని ఉన్నాడు. పాతికేళ్ళుంటాయి. కింది పెదవి చిట్లి వాచింది. డిటెక్టివ్‌ను చూసి లేవబోయి, నడుం పట్టేసినట్టు మళ్ళీ కూలబడ్డాడు.

"అమ్మగారు ఎట్టుంది సార్?" అని అడిగాడు ముందు.

"ఇంకా తెలివి రాలేదు. నువ్వు ఆ గదిలో ఏం చేశావో చెప్పు. ఏది గుర్తొస్తే అది చెప్పు. వరస అక్కర్లేదు."

"ఏముంది సార్. చొక్కా అంతా దుమ్ము పడింది. ఫ్యానులో పిచిక గూడుంది, అది తీశా. గుడ్లున్నయ్యేమో చూడరా అంది అమ్మగారు, లేవన్నా. ఆ... ముందు స్టూలు తెచ్చుకున్నా. స్టూలెక్కి విప్పుతుంటే కరెంటు పోయింది. కరెంటు లేకుండా తిరిగిద్దో లేదో ఎట్టా చూసేది? టీ తాగొస్తానమ్మా అని బయటికొచ్చా. స్పానరు స్టూలు మీదే పెట్టొచ్చా సార్, మళ్ళీ వస్తా గదా అని. టీ కొట్టు కాడ ఉండంగానే పోలీసులొచ్చారు."

"ఆమె నీతో కంట తడి పెట్టిందా?"

"అమ్మగారా? నాతోనా? ఎందుకు సార్?"

"నువ్వు ఆమె ఎదురుగా కూర్చున్నావా?"

నాగూర్ వలి ఆ ప్రశ్నకు నిజంగానే బిత్తరపోయాడు. "అమ్మగారి ముందర నేను కూర్చోవటమేంది సార్! ఆమె చెప్పినా కూర్చోను. పైన ఉన్నంతసేపూ ఆమె నడినెత్తి తప్ప నాకేం కనబళ్ళా. పుస్తకం చదువుకుంటా ఉంది."

ఆరోగ్యస్వామి కటకటాల ముందు అలాగే నిలబడిపోయాడు. నాగూర్ వలి చెప్పింది చిందరవందరగా ఉంది. పిచికగూడు ముందొచ్చింది, స్టూలు తర్వాతొచ్చింది. జరిగినదాన్ని అక్కడున్నవాడు చెబితే అలాగే ఉంటుంది. సుందరరావు చెప్పింది అలా లేదు. ముందుగా మనసు బాగోలేదన్న సూచన, తర్వాత నింపాదిగా ఒక్కొక్క కదలిక, కన్నీరు, చివర్న దెబ్బ. నవలలో ఒక అధ్యాయంలా ఉంది.

ఎప్పుడో ఒక రోజు గ్రేసమ్మ మేడమ్ పాఠం మధ్యలో, ఏ సంగతీ చెప్పకుండా, బల్లమీది సిరాబుడ్డిని కింద పడేసి పగలగొట్టింది. ఇప్పుడు చూసింది చెప్పండర్రా అంది. ముందు బెంచీ వాళ్ళు ఆమె చెయ్యి చూశామన్నారు. వెనక బెంచీ వాళ్ళు చప్పుడు విన్నామన్నారు. అందరికంటే బాగా, కళ్ళకు కట్టినట్టు చెప్పినవాడు ఒకడున్నాడు. వాడు ఆ సమయంలో బయటికి చూస్తున్నాడు. పక్కవాణ్ణి అడిగి చెప్పాడు. క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. "కథ చేతికి రాగానే రెండు ప్రశ్నలు వెయ్యండి. చెబుతున్నది ఎవరు? చూస్తున్నది ఎవరు? ఆ రెండూ ఒకరే అని రచయిత మిమ్మల్ని నమ్మిస్తాడు. నమ్మకండి" అంది. ఇంగ్లీషు నవలలో దృష్టికోణం అనే సంగతిని ఆయన నేర్చుకున్నది ఆ పగిలిన బుడ్డి దగ్గరే.

"గది చూడాలి" అన్నాడు బయటికొచ్చి.

"నేను చూశా" అన్నాడు పుల్లయ్య.

"మీరు చూసింది మీరు చూశారు. నేను చూడాల్సింది నేను చూస్తాను."

"ఏందయ్యా ఈ పొగరు?" పుల్లయ్య లేచి మీదికొచ్చాడు. "పెద్ద పెద్ద కేసులు చూశా నేను. ఊళ్ళో కత్తులు ఎత్తుకు తిరిగేవాళ్ళను లోపలేశా. ఒక ఫ్యాను మెకానిక్కు కోసం గుంటూరునించి వచ్చి నాకు పాఠాలు చెప్తావా?"

"పాఠం కాదు సి.ఐ. గారూ. ఒక్క ప్రశ్న. స్పానరు మీద రక్తం ఉందా?"

"కడిగాడు."

"ఎక్కడ? మీ పంచనామా చదివాను, స్టాఫ్ రూములో నీళ్ళు లేవు. వాడు పోయింది టీ కొట్టుకు. స్పానరు మీకు దొరికింది స్టూలు మీద. ఎక్కడ కడిగి, ఎప్పుడు తెచ్చి పెట్టాడు?"

పుల్లయ్య టోపీ పెట్టుకున్నాడు. "పద. మాస్టారు కూడా వస్తాడు. నీ మాట అబద్ధమని తేలితే పొద్దుటినుంచీ మా స్టేషను మెట్లమీద కూర్చున్న ఆ ముసలామెకు నువ్వే చెప్పుకోవాలి."

ట్యుటోరియల్ అంటే రేకుల షెడ్లు రెండు, వాటికి ఎదురుగా ఒక పెంకుటిల్లు. ఆ ఇంటి ముందుగదే స్టాఫ్ రూము. అటెండరు జాన్ సాహెబ్ తాళం తీశాడు. సుందరరావును వరండాలోనే ఉండమని, ఆరోగ్యస్వామి లోపలికి వెళ్ళాడు. వెనకే పుల్లయ్య గుమ్మంలో నిలబడ్డాడు.

కుర్చీ కిటికీకి వీపు పెట్టి ఉంది. ఎత్తు వీపు కుర్చీ, కర్రది. దానికి ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గర్లో పొట్టి బెంచీ. బల్ల అవతలి గోడకు. కుర్చీ పక్కన కొంచెం వెనగ్గా ఇనప బీరువా. నేల నాపరాళ్ళది. కుర్చీ దగ్గర రాయిమీద ఎండిన మరక ఉంది. అటు చూడగానే ఆరోగ్యస్వామి ప్రాణం చివుక్కుమంది. చూపు మరల్చుకుని బీరువా కాళ్ళవైపు వంగాడు.

ఏళ్ళ తరబడి ఒకేచోట ఉన్న బీరువా కాళ్ళు రాతిమీద తుప్పు గుర్తులు వేస్తాయి. ఇక్కడా వేశాయి. కాని ఆ గుర్తుల మీద ఇప్పుడు కాళ్ళు లేవు. బీరువాను ఎవరో తిప్పి, గోడకు తోసి పెట్టారు. కొత్తగా గీసుకుపోయిన తెల్లటి చారలు రాతిమీద స్పష్టంగా ఉన్నాయి.

"సాయం పట్టండి" అన్నాడు పుల్లయ్యతో.

పుల్లయ్య సణుగుతూనే చెయ్యి వేశాడు. బీరువా ముందుకు వచ్చింది. గోడవైపు దాక్కున్న మూల బయటపడింది. రంగు ఊడిన ఆ అంచు మీద, నిలబడ్డ మనిషి తల ఎత్తున, నల్లగా ఎండిన మరక. అందులో అతుక్కుని ఒక నెరిసిన వెంట్రుక.

పుల్లయ్య దాన్ని చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఆమెను ఎవరూ స్పానరుతో కొట్టలేదు" అన్నాడు ఆరోగ్యస్వామి. "వెనక్కి పడి దీనికి కొట్టుకుంది. ఆ తర్వాత ఎవరో దీన్ని తిప్పి పెట్టారు."

"అంటే... మాస్టారేనా?" పుల్లయ్య గొంతు తగ్గించాడు.

ఆరోగ్యస్వామి కూడా పొద్దుటినుంచీ అదే అనుకుంటున్నాడు. కాదన్నవాడు జాన్ సాహెబ్.

"సారు క్లాసులో ఉన్నారండీ అప్పుడు" అన్నాడు అటెండరు, అడిగిన వెంటనే, ఏ దాపరికమూ లేకుండా. "రెండో షెడ్లో. నేను చాకుపీసులు పట్టుకుపోయి తలుపు కాడే నిలబడ్డా. పాఠం మధ్యలో మనం పోగూడదు గదా. కేక ఇనబడింది. అప్పుడు ఇద్దరం కలిసే పరుగెత్తుకొచ్చాం. సారు లోపలికి పోయి, నన్ను రిక్షా తెమ్మని పంపారు."

"కేక పెట్టింది ఎవరు?"

"ఆడకేక. అమ్మగారే అనుకున్నా."

"తల వెనక దెబ్బతగిలి పడిపోయిన మనిషి షెడ్ల దాకా వినబడేలా కేక పెడుతుందా జాన్ సాహెబ్?"

అటెండరు తెల్లమొహం వేశాడు. అవునుగదా అన్నట్టు చూశాడు.

"ఇదంతా నిన్ననే ఎందుకు చెప్పలేదయ్యా?" అని గద్దించాడు పుల్లయ్య.

"మీరు నన్ను అడగలా సార్" అన్నాడు జాన్ సాహెబ్.

సుందరరావు వరండాలో నడవలేదు. కిటికీలోంచి చూడలేదు. ఆయన సాక్షి కాడు. నేరస్థుడూ కాడు. మరి ఆ కన్నీరు, పేజీలో వేలు, వణికిన పెదవి, ఇవన్నీ ఎక్కడివి? కల్పించాడా? ఆరోగ్యస్వామికి అలా అనిపించలేదు. చదువుతున్న పేజీలో వేలుపెట్టి పుస్తకం మూసి, పిల్లల ముఖంలోకి చూడటం మేడమ్ అలవాటు. తను ఎన్నోసార్లు చూశాడు. అది నిజంగా చూసినవాళ్ళే చెప్పగలరు.

వెళ్ళి పొట్టి బెంచీ మీద కూర్చున్నాడు. జాన్ సాహెబ్‌ను ఎదురు కుర్చీలో కూర్చోమన్నాడు. అతడు మొహమాటపడుతూ అంచుమీద కూర్చున్నాడు. ఇప్పుడు అంతా కనబడింది. ఒళ్ళో పెట్టుకున్న చేతులు. కంటి కొసలు. పెదవులు. సుందరరావు కథలో ఉన్న ప్రతి వస్తువూ ఈ చోటునుంచి, ఈ ఎత్తునుంచి కనబడేదే. ఇంకెక్కడినుంచీ కనబడదు.

"ఈ బెంచీ మీద ఎవరు కూర్చుంటారు?"

"డౌట్లు అడిగే ఆడపిల్లకాయలండీ. మా సారుగారి అమ్మాయి సుందరమ్మ రోజూ కూర్చునేది. అమ్మగారికి ఆ పిల్లంటే ప్రాణం." జాన్ సాహెబ్ కాస్త ఆగాడు. "మొన్నటినించీ ఊళ్ళో లేదులెండి. మేనత్తగారి ఊరు పోయింది."

ఈ కేసు తేలాలని పొద్దుటినుంచీ ఎంత పట్టుపట్టాడో, ఇప్పుడు తేలకుండా ఉంటే బాగుండునని ఆరోగ్యస్వామికి అంతగా అనిపించింది. కాని స్టేషను మెట్లమీద హజ్రా బీ కూర్చుని ఉంది. లాకప్‌లో ఆమె కొడుకు పెదవి చిట్లి ఉంది. లేచి వరండాలోకి నడిచాడు.

"మాస్టారూ, ఇలా వచ్చి కిటికీ దగ్గర నిలబడండి. మంగళవారం ఎక్కడ నిలబడ్డారో అక్కడ."

సుందరరావు వచ్చాడు. కుర్చీలో జాన్ సాహెబ్ ఉన్నాడు.

"మీకేం కనబడుతోంది?"

"గ్రేసమ్మగారి స్థానంలో... జాన్ సాహెబ్."

"అతని కళ్ళు కనబడుతున్నాయా? ఒళ్ళో చేతులు?"

సుందరరావు ఒక అడుగు ఎడమకు వేశాడు. తర్వాత కుడికి. మెడ సాచాడు. ఎటునుంచి చూసినా ఎత్తయిన కర్ర వీపు, దానిపైన కాస్త తలపాగా, అంతే.

"ఆవిడ అప్పుడు కొంచెం పక్కకు తిరిగారు" అన్నాడు.

"సరే. నాగూర్ వలి కూర్చున్నాడా, నిలబడ్డాడా?"

"నిలబడే..."

"'ఆవిడ లేచారు, వాడూ లేచాడు' అన్నారు మీరు. రెండుసార్లు చెప్పారు, రెండుసార్లూ అదే మాట. నిలబడ్డవాడు ఎలా లేస్తాడు మాస్టారూ? మీరు ఇంగ్లీషు చెప్పేవారు. 'నేను' అని ఒకరు చెప్పిన కథను 'వాడు' అని మార్చి చెబితే ఏమవుతుందో మీకు తెలుసు. మాట మారుతుంది, చూపు మారదు. మీ కథంతా బెంచీ మీద కూర్చున్న మనిషి కళ్ళతో ఉంది. అందులో మీరు అబద్ధం పెద్దగా ఏమీ ఆడలేదు. ఒక మనిషిని తీసి ఇంకో మనిషిని పెట్టారు. చేతికి స్పానరు ఇచ్చారు."

"మీరేం మాట్లాడుతున్నారో నాకు తెలియటం లేదు."

"'ఇది నీ చేతి పని కాదు' అని మేడమ్ అన్నది ఫ్యాను రిపేరు గురించి కాదు గదా?"

సుందరరావు కిటికీ చువ్వ పట్టుకున్నాడు. కాసేపు ఆ పట్టు బిగిసింది. తర్వాత వదిలేసి అక్కడే, అరుగుమీద, పంచె దుమ్ము కొట్టుకుపోతుందన్న ధ్యాస కూడా లేకుండా కూర్చుండిపోయాడు.

"ఆ వ్యాసం నేను రాసిచ్చా" అన్నాడు. పాఠాలు చెప్పే గొంతు ఎటు పోయిందో. "యూనివర్సిటీ పోటీకి. నవలల్లో కథ చెప్పే పద్ధతుల మీద వ్యాసం. మా సుందరి రాసుకున్నది ఉంది, బాగానే ఉంది. ఇంకా బాగుండాలని నేను కూర్చుని తిరగరాశా. అందులో దాని మాట ఒక్కటీ మిగల్లేదు. మొదటి బహుమతి వచ్చింది. ఆ బహుమతి చూసే హైదరాబాదులో ఎం.ఏ. సీటుకు పిలిచారు. గ్రేసమ్మగారు సిఫార్సు రాయాలి. వ్యాసం చదివింది. పిల్లని కూర్చోబెట్టి, 'ఇందులో ఉన్నది నీ గొంతు కాదే తల్లీ. మీ నాన్నది. నేనే పోయి వాళ్ళకు చెప్తా, నువ్వు నీ వ్యాసం మళ్ళీ పంపు' అంది. మా పిల్ల భయపడింది. నా పేరు పోతుందని భయపడింది, తన సీటు గురించి కాదు. మేడమ్ లేచి తలుపువైపు వస్తుంటే అడ్డం పడింది. నెట్టలేదు సార్. పోవద్దని రెండు చేతులూ చాపింది. ఆవిడ తూలి..."

భుజంమీది కండువా తీసి ముఖం కప్పుకున్నాడు.

"మరి ఆ మెకానిక్కు సంగతేంది?" అన్నాడు పుల్లయ్య. ఆ గొంతులో కోపం ఎవరిమీదో తెలియటం లేదు. "వాడికి తల్లి లేదా? వాడు పిల్లోడు కాదా?"

"స్టూలు మీద స్పానరు కనబడింది. అంతే సార్. అంతకంటే ఏం ఆలోచించలా."

అప్పుడే స్టేషనునుంచి కానిస్టేబులు సైకిల్ మీద వగర్చుకుంటూ వచ్చాడు. గుంటూరునుంచి ఫోను వచ్చిందట. గ్రేసమ్మకు పొద్దున తెలివి వచ్చింది. డాక్టరు ఎదుటే వాఙ్మూలం ఇచ్చింది. బెంచీ కోడు కాలికి తగిలి తనే పడిపోయాననీ, గదిలో ఇంకెవరూ లేరనీ, ఎవరినీ ఏమీ చెయ్యొద్దనీ చెప్పింది.

ఆరోగ్యస్వామి కళ్ళు చెమర్చాయి. నిన్న పిలిస్తే పలకని మనిషి ఇవాళ నోరు విప్పి, మొట్టమొదట ఒక అబద్ధం ఆడింది. చెబుతున్నది ఎవరో, చూస్తున్నది ఎవరో పట్టి పట్టి నేర్పిన మనిషి, గదిలో ఎవరూ లేరంది.

పుల్లయ్య టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "ఒకడు మెకానిక్కు అంటాడు. నువ్వు ఆడపిల్ల అంటావు. దెబ్బతిన్న మనిషి ఎవరూ లేరంటది. ఇప్పుడు నేను ఎవరి కథ రాసుకోవాలయ్యా?"

"ముందు నాగూర్ వలిని వదలండి."

"పోయి వదిలెయ్ రా" అన్నాడు పుల్లయ్య కానిస్టేబులుతో. "ఆ ముసలామెకు... నేను వచ్చి మాట్లాడతానని చెప్పు."

సుందరరావు ముఖంమీంచి కండువా తీశాడు. ఆ ముఖంలో ఊరట ఉంటుందనుకున్నాడు ఆరోగ్యస్వామి. అది లేదు. రక్తమంతా దిగిపోయినట్టు పాలిపోయి ఉంది.

"బతికిందా?" అన్నాడు. "మాట్లాడిందా? నిజంగా?"

"మాట్లాడింది. మీ అమ్మాయికి ఇంక భయం లేదు."

"సుందరికి తెలియదు" అన్నాడు సుందరరావు. "మంగళవారం సాయంత్రం బొల్లాపల్లి బస్సు ఎక్కించేటప్పుడు... మేడమ్ పోయిందని చెప్పా సార్. దారిలోనే ప్రాణం పోయిందని. బతికి ఉందంటే అది ఒక్కరోజు కూడా ఆగదు, పోయి అంతా చెప్పేస్తుంది. పోయిందనుకుంటే నోరు మూసుకుని ఉంటుందని..."

పుల్లయ్య ఆ మాట పూర్తికానివ్వలేదు. "జీపెక్కండి" అన్నాడు. డ్రైవరును పక్కకు జరగమని స్టీరింగు తనే పట్టుకున్నాడు.

దారిలో పుల్లయ్య, ముందుకు చూస్తూనే, "నాకూ ఆ ఈడు పిల్ల ఉంది" అన్నాడు. ఆరోగ్యస్వామి తల ఊపాడు. వెనక సీటులో సుందరరావు పెదవులు కదుపుతున్నాడు. ప్రార్థనో, కూతురికి ఏం చెప్పాలో సరిచూసుకోవటమో తెలియలేదు.

బొల్లాపల్లిలో మేనత్త హన్నమ్మ ఇంటి ముందు పత్తి కుప్ప పోసి ఉంది. జీపు చప్పుడికి ఆమె బయటికొచ్చింది. పోలీసుల మధ్య అన్నను చూసి గుండెలమీద చెయ్యి వేసుకుంది.

"సుందరి ఏది చెల్లాయ్?"

"అదేందన్నా, నీకు తెలవదా? తెల్లారుగట్ల బస్సుకే పోయింది. ఇయ్యాల మేడమ్ గారి భూస్థాపనంట గదా, వాళ్ళ సొంతూరు ఎడ్లపాడులో. ఒక్కసారి ఆ మట్టి దగ్గర నిలబడి రావాల అత్తా అని ఏడ్చింది. వద్దని ఎట్టా అనేది? నేనే బస్సెక్కించా."

"మేడమ్ బతికే ఉందమ్మా" అన్నాడు పుల్లయ్య.

హన్నమ్మ అర్థంకానట్టు చూసింది. ఎవరు బతికున్నారో, ఎవరికోసం తమ పిల్ల ఏడుస్తూ పోయిందో ఆమెకు తోచలేదు. ఈలోగా పెరటి కొట్టంలోంచి ఆమె భర్త వచ్చాడు. పోలీసులను చూసి తడబడుతూనే, భార్యను అడగాల్సింది అడిగేశాడు.

"ఏమే, పత్తికి కొట్టే మందు డబ్బా కొట్టంలో పెట్టింది నువ్వు తీశావా? కొత్తది. మూత కూడా తియ్యలా."

హన్నమ్మ తియ్యలేదు. నోటితో చెప్పనక్కర్లేకపోయింది.

ఆరోగ్యస్వామి అప్పటికే జీపు దగ్గరికి పరుగెత్తి వైర్‌లెస్ అందుకున్నాడు. పుల్లయ్య దాన్ని లాక్కుని ఎడ్లపాడును పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. గరగర తప్ప ఏమీ రాలేదు. చుట్టూ గుట్టలు. వినుకొండ రోడ్డు ఎక్కేదాకా మాట అందదని ఇద్దరికీ తెలుసు.

జీపు వెనక్కి తిరిగింది. సుందరరావు పరుగెత్తుకొచ్చి, ఆగకముందే ఎక్కాడు.

"ఎడ్లపాడు ఎంత దూరం సార్?" అని అడిగాడు.

ఆ జీపులో ఉన్న ప్రతి ఒక్కరికీ ఆ దూరం తెలుసు, అడిగిన సుందరరావుతో సహా. పుల్లయ్య గేరు మార్చి కాలు బలంగా అదిమాడు.